డిగ్రీ చదివి దుకాణంలో కూర్చుంటే నామోషీ ఏముందమ్మా?

ప్రశ్న: మాది గద్వాల. చిన్న చీరల దుకాణం ఉంది. మా అబ్బాయి బీకాం అయిపోయింది. హైదరాబాద్‌లో 3 నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేస్తానంటున్నాడు, ఫీజు 45,000. మన చీరలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మొచ్చు, లేకుంటే ఉద్యోగమైనా వస్తుందంటాడు. నేను ఎంబీఏ చేయమంటున్నాను. రెండిట్లో ఏది మేలు? ఇంత చదివించినా చివరికి దుకాణంలోనే కూర్చుంటాడేమోనని దిగులుగా ఉంది.

జవాబు: అమ్మా, మీరడిగింది కోర్సు గురించే అయినా, అసలు బాధ ఆ చివరి మాటలో ఉంది. నల్లగొండ నుంచి నారాయణపేట దాకా దుకాణమున్న ఇళ్ల నుంచి వచ్చే ప్రశ్న ఇదే. ఆ గల్లాపెట్టె డబ్బులతోనే ఫీజులు కట్టి, అదే గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే పరువు తక్కువంటే పిల్లాడికి ఏమని అర్థం కావాలి? కటువుగా ఉన్నా అనక తప్పదు. మీవాడు ఇంటి వ్యాపారం పెంచుతానంటున్నాడు. ముందు అది చెవిన పెట్టండి.

ఇక కోర్సు. దాని మీద నాకు అనుమానాలే ఎక్కువ. ఇలాంటి కోర్సులవాళ్లు చెప్పే ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అంటే చాలాచోట్ల ఇంటర్వ్యూలకు పంపడం వరకే. ఉద్యోగం దొరికినా, చిన్న ఏజెన్సీల్లో కొత్తవాళ్లకిచ్చే పని పది దుకాణాల పేజీల్లో పండగ శుభాకాంక్షల పోస్టర్లు పెట్టడం. ఇప్పుడు ఆ పోస్టర్‌నూ, కింద రాసే నాలుగు ముక్కలనూ ఏఐ నిమిషాల్లో చేసి పెడుతోంది. కొత్తవాళ్లకు దొరికే పని ముందుగా తగ్గేది అక్కడే. పాఠాల సంగతికొస్తే గూగుల్ స్కిల్‌షాప్, మెటా (ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల కంపెనీ) బ్లూప్రింట్ అనే వెబ్‌సైట్లలో చాలావరకు ఉచితంగానే ఉన్నాయి. 45,000 కట్టేది పక్కన కూర్చోబెట్టి చదివించినందుకు. అది అవసరమయ్యే పిల్లలూ ఉంటారు, కాదనను.

కట్టేముందు శ్రావణం నుంచి దసరా దాకా మీ దుకాణం మీదే పరీక్ష పెట్టండి. చీరలకు ఎలాగూ అదే సీజన్.

మొదలు ఇన్‌స్టాగ్రామ్‌తో కాదు, వాట్సాప్ బిజినెస్‌తో. అది ఉచితం. దుకాణం పేరున వేరే సిమ్ తీసుకోవాలి, ఇంటి నంబరు వద్దు. కేటలాగ్‌లో 500 దాకా వస్తువులు పెట్టొచ్చు గానీ 40 చీరలతో మొదలుపెట్టమనండి. చీరకో కోడ్ నంబరు, నాలుగు ఫొటోలు: మొత్తం చీర, అంచు, కొంగు, వెనక వైపు. ఒళ్లు నూలా, సికోనా (పట్టు, నూలు కలిసినది), పట్టా, జరీ అసలుదా, టెస్టెడ్ జరీనా (చవక రకం), జాకెట్టు ముక్క ఉందా లేదా, ధర ఎంత? అన్నీ రాయాలి. అమ్ముడైన చీరను ఆ రోజే తీసేయాలి. లేని చీరకు ధర చెప్పి, తర్వాత ‘అయిపోయిందమ్మా’ అంటే ఆ గిరాకీ మళ్లీ రాదు.

గొడవలు ఎక్కువగా రంగు దగ్గరే. ట్యూబ్‌లైట్ కింద, ఫోన్ ఫిల్టర్‌తో తీస్తే మెరూన్ ఎరుపవుతుంది, నెమలికంఠం మామూలు నీలమవుతుంది. చీర చేరాక ‘ఇది కాదు నేను చూసింది’ అంటారు. పొద్దున గడప దగ్గర, ఎండ నేరుగా పడని వెలుతురులో తీయాలి. పక్కన తెల్ల కాగితం పెడితే ఫొటోలో ఆ కాగితం తెల్లగా కనబడుతోందో లేదో చూసుకోవచ్చు. కాగితమే పచ్చబడితే చీర రంగూ తప్పే.

కొత్త చీరల ఫొటోలు పంపడానికి గ్రూపు పెట్టొద్దు. అందులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి, పక్క దుకాణం వాళ్లు చేరి మీ గిరాకీలకే ఫోన్ చేస్తారు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లేది) వాడాలి. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. ‘పంపుతున్నా ఎవరూ పలకడం లేదు’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. బిల్లు రాసేటప్పుడే దుకాణం నంబరు సేవ్ చేయించి, ఒక ‘హాయ్’ కొట్టించుకోవాలి. వారానికి రెండు మెసేజ్‌లు చాలు. రోజూ పంపితే బ్లాక్ చేస్తారు, అలా చాలామంది చేస్తే వాట్సాప్ నంబరునే ఆపేయొచ్చు.

ఇన్‌స్టాగ్రామ్‌లో షోరూముల వాళ్లకు లేనిది మీకొకటుంది: మగ్గం మీ దగ్గర్లోనే ఉంది. నూలు ఒళ్లు, పట్టు అంచు పోగు పోగుకీ మగ్గం మీదే ముడిపడటం 20 సెకన్లు దగ్గరగా చూపిస్తే చాలు, సినిమా పాట అక్కర్లేదు. బిజినెస్ ఖాతాలకు ఆ పాటలు చాలావరకు దొరకవు కూడా. మగ్గం చప్పుడే ఉంచండి. ‘ధర ఎంత?’ అని అడిగితే ‘ఇన్‌బాక్స్ చూడండి’ అనకుండా అక్కడే రాయాలి. దాచిన ధర ఎక్కువేననుకుంటారు జనం. అడిగిన గంటలోపు జవాబివ్వడమే ఈ పనిలో ముప్పావు వంతు, మీవాడికి ఆ ఓపిక ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.

డబ్బు పెట్టి ప్రచారం మొదటి నెల వద్దు. తర్వాత చేసినా లైకులు కాదు, మెసేజ్‌లు వచ్చేలా ఎంచుకుని, కర్నూలు, రాయచూరు, హైదరాబాద్ వరకే పెట్టాలి. చెల్లింపు స్క్రీన్‌షాట్ చూసి చీర పంపొద్దు, బ్యాంకు యాప్‌లో జమ చూశాకే. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదని మీరూ గుర్తుంచుకోండి. పార్శిల్ కట్టేటప్పుడు వీడియో తీస్తే చిరుగుల పేచీ ఉండదు.

ఎవరు, ఎక్కడి నుంచి, ఏది అడిగారు, కొన్నారా, కొనకపోతే ఎందుకో రోజూ నోటుబుక్కులో రాయమనండి. దసరా తర్వాత ఆ పుస్తకం చూస్తే కోర్సులో ఏం నేర్చుకోవాలో అతనికే తెలుస్తుంది. ఉద్యోగానికి వెళ్లినా సర్టిఫికెట్ కన్నా ఆ లెక్కలే చూపించుకోవచ్చు.

ఎంబీఏ అంటారా? ఐసెట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) రాసి పాలమూరు యూనివర్సిటీ క్యాంపస్ లాంటి చోట సీటొస్తే చదవనివ్వండి. ఏ కంపెనీ రాని కాలేజీలో రెండేళ్లు కూర్చోబెట్టడం మాత్రం వద్దు. వచ్చే ఏడాదైనా ఐసెట్ ఉంటుంది, తొందరేం లేదు.

దసరా దాకా మీవాడికి నెలకింత అని జీతం కట్టివ్వండి, ధర చెప్పే హక్కూ ఇవ్వండి. ప్రతి మెసేజ్‌కూ ‘నాన్ననడిగి చెప్తా’ అంటే కొనేవాళ్లు అప్పటిదాకా ఆగరు. కోర్సుకు అడ్వాన్సు ఇప్పటికే కట్టేసి ఉంటే రశీదు తీసి, డబ్బు వాపసు షరతు రాసుందో లేదో ఈరోజే చూడండి.