సహాయార్థ కచేరీలో 20 నిమిషాలే దొరికితే బ్యాండ్ ఏమి చేయాలి?

మహారాష్ట్రలోని బల్లార్షాలో వరద బాధితుల కోసం జరిగే కచేరీలో మీ బ్యాండ్‌కు 20 నిమిషాలే ఇచ్చారని, లైవ్ ఎయిడ్ అనే సహాయార్థ కచేరీలో బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ అంత కొద్దిసేపట్లో ఎలా మెప్పించిందని అడిగారు.

1985 జూలై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో, ఇథియోపియా కరువు బాధితుల కోసం జరిగిన ఆ కచేరీలో క్వీన్ వేదికపై ఉన్నది సుమారు 21 నిమిషాలే. జనం తమ ఒక్కరి కోసం రాలేదని వాళ్లకు తెలుసు. అందుకే తెలియని పాటల జోలికి పోలేదు. అందరి నోటా నానినవే ఎంచుకుని, పొడవైనవి కుదించి, ముందుగా ఒక నాటకశాలలో సాధన చేశారు.

నన్నడిగితే, అసలు చూడవలసింది పాటల మధ్య ఘట్టం. సగం కర్ర మాత్రమే ఉన్న మైకు పట్టుకుని క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ఒక కూనిరాగం విసురుతాడు. 70 వేల పైచిలుకు జనం దాన్ని తిరిగి అందుకుంటారు. హరిదాసు సభ చేత గోవింద కొట్టించినట్టే! (అన్నట్టు, ఫ్రెడ్డీ బడిలో చదువుకున్నది మన మహారాష్ట్రలోని పంచగనిలోనే.)

మీరు తెలుగు పాట ఒకటి, మరాఠీ పాట ఒకటి పెట్టుకోండి. శ్రుతులు తెర వెనకే సరిచూసుకోండి. వేదికెక్కాక గిటారు మరలు తిప్పుతూ నిలబడితే మూడు నిమిషాలు గల్లంతే.