తొక్కినా రేస్ అందని లారీ

ప్రశ్న: నాది పది టైర్ల లారీ, 2017 మోడల్, బీఎస్-4. మిర్యాలగూడ మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకు బియ్యం వేస్తుంటాం. హనుమాన్ జంక్షన్ దాటాక హైవే మీద ఒకే స్పీడులో పోతుంటే ఉన్నట్టుండి చెక్ లైటు వెలిగి రేస్ పడిపోతోంది. ఎంత తొక్కినా లేవదు. పక్కన ఆపి, తాళం తీసి మళ్లీ వేస్తే మామూలే. ఊళ్లో తిరిగేటప్పుడు ఈ బాధ లేదు. థ్రాటిల్ సెన్సార్ పోయింది, పెడల్ మొత్తం మార్చాలని ఒక మెకానిక్ అంటున్నారు. స్ప్రే కొడితే చాలని ఇంకొకరు. పాత పెడల్ దొరికితే వేయొచ్చా?
– ఒక లారీ యజమాని, కోదాడ

జవాబు: ‘ఒకే స్పీడులో పోతుంటే’ అని రాశారు చూడండి, నాకు సగం సంగతి అక్కడే అర్థమైంది. మీ బండికి పాత లారీల్లా రేస్ కేబుల్ ఉండదు. పెడల్‌ దగ్గరే, ఎంత నొక్కారో కొలిచే సెన్సార్ ఉంటుంది, అందులో రెండు ట్రాకులు, అంటే సిగ్నల్ ఇచ్చే రెండు వేర్వేరు దారులు. చాలా పెడళ్లలో ఒక ట్రాక్ వోల్టేజీ రెండోదానికి రెట్టింపు ఉంటుంది. ఆ లెక్క తప్పితే ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, రెండింటినీ నమ్మదు, రేస్ కట్ చేస్తుంది. డ్రైవర్‌కు చిరాకే కానీ, లోడు బండి తనంతట తాను రేస్ ఎక్కడం కన్నా ఇదే నయం.

హైవే మీద పాదం గంటల తరబడి ఇంచుమించు ఒకేచోట ఉంటుంది. రాపిడి మీద పనిచేసే సెన్సార్ అయితే ట్రాక్ అక్కడే అరుగుతుంది. ఊళ్లో తొక్కుతూ వదులుతూ ఉంటారు కాబట్టి అరిగిన చోటు చటుక్కున దాటిపోతుంది. అందుకే నా అనుమానం కూడా పెడల్ మీదే. గుంటల్లో పడ్డప్పుడల్లా వస్తుందని రాసి ఉంటే ముందు కప్లర్ (వైర్లను సెన్సార్‌కు కలిపే ప్లగ్గు) చూడమనేవాణ్ని.

అయినా కొలవకుండా డబ్బు పెట్టకండి. కప్లర్ విప్పి పిన్నులకు పచ్చటి తుప్పు పట్టిందేమో, ఎలుకలు వైరు కొరికాయేమో చూడండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మల్టీమీటర్ పెట్టించండి. బండి బ్యాటరీ 24 వోల్టులైనా ఈ సెన్సార్‌కు వచ్చేది 5 వోల్టులే. మన ఎలక్ట్రీషియన్లకు అలవాటైన టెస్ట్ బల్బు ఇక్కడ పెట్టనివ్వొద్దు, ఈసీఎంకే ఎసరు వస్తుంది. 5 వోల్టులు రాకపోతే పెడల్ తప్పు కాకపోవచ్చు. అదే లైనులో ఉన్న ఇంకో సెన్సార్ షార్ట్ అయి వోల్టేజీని లాగేస్తూ ఉండొచ్చు. వాటి కప్లర్లు ఒక్కొక్కటే విప్పుతూ పోతే దేనితో తిరిగి వస్తుందో తెలుస్తుంది.

5 వోల్టులు సరిగ్గా ఉంటే కప్లర్ పెట్టి, సిగ్నల్ వైరు మీద కొలుస్తూ పెడల్‌ను చాలా మెల్లగా నొక్కించండి. మీ డ్రైవర్ హైవేలో పాదం ఉంచే చోట మరీ నిదానంగా. అంకె వరుసగా పెరగాలి. మధ్యలో పడి లేచిందా, ట్రాక్ అరిగినట్టే. పాత ముల్లు మీటరు ఉంటే ఇంకా మేలు, డిజిటల్ మీటరుకు అందని చిన్న కుదుపు అందులో కనిపిస్తుంది. ఈసీఎంలో నమోదైన తప్పుల కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ2138 కోడ్ వస్తే రెండు సిగ్నళ్లకూ పొంతన లేదని అర్థం. ఆ తేడా వైరింగ్ వల్ల కూడా రావచ్చు.

స్ప్రే కప్లర్ పిన్నులకు మంచిదే. అరిగిన ట్రాక్‌కు కొడితే కొన్నాళ్లు గడుస్తుంది, అంతే. రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ రకం సెన్సార్‌కు దానితో పనే లేదు.

పాత పెడల్ అంటారా, నేనైతే వేయను. అది కూడా ఇంకో హైవే బండిలో ఇదే చోట అరిగి ఉండొచ్చు. కొత్తదే కొనండి, పార్ట్ నంబర్ చివరి అక్షరంతో సహా పాతదానితో కలవాలి. బిగించాక స్కానర్‌తో కోడ్ చెరిపించండి. కొన్ని బండ్లకు పెడల్ పూర్తిగా నొక్కి వదిలి ఈసీఎంకు నేర్పించే పని కూడా ఉంటుంది, అది మీ బండి మాన్యువల్ ప్రకారమే చేయించండి. పనిలో పని, బ్రేక్ స్విచ్ కూడా చూపించండి. అది ఇరుక్కుని బ్రేకూ రేసూ ఒకేసారి తొక్కినట్టు తెలిస్తే కొన్ని బండ్లు ఇలాగే రేస్ తగ్గిస్తాయి.