సీఏ ప్రాక్టీసుకి న్యూస్‌లెటర్ పనికొస్తుందా? నా అనుభవం

గుంటూరులో ప్రాక్టీసు పెట్టి ఏడాదిన్నర అయింది, క్లయింట్లు అరవై దాటడం లేదు, నెలనెలా న్యూస్‌లెటర్ పంపితే కొత్తవాళ్లు వస్తారా అని కదా మీరు అడిగింది. రారు. కనీసం మీరు అనుకుంటున్న దారిలో రారు. నేను విజయవాడలో 2019 నుంచి పంపుతున్నాను, మధ్యలో రెండుసార్లు విసుగొచ్చి మానేశాను కూడా. ముక్కూ మొహం తెలియనివాళ్లు అది చదివి నేరుగా మా ఆఫీసు మెట్లెక్కింది ఇప్పటిదాకా లేదు. మరి ఎందుకు పంపుతున్నానంటే, ఉన్న క్లయింటు దాన్ని వాళ్ల బావమరిదికి పంపుతాడు, నాలుగు రోజులకి ఆ బావమరిది ఫోన్ చేస్తాడు. నాకొచ్చిన మంచి పని చాలావరకు ఈ బావమరదుల పుణ్యమే.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. మనకి 1949 చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం ఉంది, దాని మొదటి షెడ్యూలు మొదటి భాగం 6వ క్లాజు ప్రకారం సర్క్యులర్లు, ప్రకటనలతో పని అడుక్కోవడం వృత్తిపరమైన తప్పు. కాబట్టి ఎవరో అమ్మే ఫోన్ నంబర్ల లిస్టు కొని అందరికీ పంపే ఆలోచన ఉంటే ఇప్పుడే వదిలేయండి. మన చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ తాజా గైడ్‌లైన్స్ ఒకసారి కూర్చుని చదివి, మీ సొంత క్లయింట్లకి మాత్రమే పంపండి. ఫీజుల ఊసు, మా ఆఫీసు గొప్ప అనే మాట అందులో రాకూడదు.

నేను చేసిన మొదటి తప్పు, రెడీమేడ్ న్యూస్‌లెటర్ కొనడం. నీట్‌గా ఇంగ్లీషులో, ఎనిమిది పేజీలు, పైన మన పేరు వేసి ఇస్తారు. నోటిఫికేషన్ నంబర్లు, ట్రిబ్యునల్ తీర్పులు, అన్నీ ఉంటాయి. ఆరు నెలలు పంపాను. ఒక్కరంటే ఒక్కరు పలకలేదు, ఒక బట్టల షాపు పెద్దాయన మాత్రం "ఆడిటర్ గారూ, ఏదో నోటీసు వచ్చిందండీ" అని కంగారుగా ఫోన్ చేశారు. అది నా న్యూస్‌లెటరే.

రెండో తప్పు ఇంకా ఘోరం. ఒక నెల హడావిడిలో ఈమెయిల్లో ఒకరి అడ్రసు ఇంకొకరికి కనబడకుండా బీసీసీలో పెట్టాల్సిన అడ్రసులన్నీ అందరికీ కనబడేలా టూలో పెట్టి పంపేశాను. మా ఊరి బట్టల మార్కెట్ వస్త్రలతలో పక్కపక్క షాపుల వాళ్లిద్దరూ నా క్లయింట్లే, ఇద్దరికీ పడదు, ఇద్దరూ నా దగ్గరే ఉన్నారన్న సంగతి ఒకరికొకరికి తెలియకుండా మూడేళ్లు నెట్టుకొచ్చాను. మర్నాడు పొద్దున్నే ఒకాయన ఆఫీసుకొచ్చి కుర్చీలో కూర్చోకుండానే "వాళ్ల లెక్కలు కూడా మీరే చూస్తారా అండీ" అన్నారు. నా దగ్గర ఒకరి లెక్కలు ఇంకొకరికి వెళ్లవని ఎంత చెప్పినా వినలేదు, ఆ మార్చి తర్వాత ఫైలు తీసుకెళ్లిపోయారు. ఆయన తప్పేం లేదు, నేనైనా అదే చేసేవాణ్ణి.

అసలు మన దగ్గర షాపుల వాళ్లకి ఈమెయిల్ అంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఇచ్చింది తప్ప ఇంకోటి ఉండదు, చాలామంది విషయంలో అది కూడా వాళ్లది కాదు, బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకుదో పాత ఆడిటర్ ఆఫీసుదో అయి ఉంటుంది. అందుకే వాట్సాప్‌కి మారాను. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది పడతారు, మనకి అది చాలు. కానీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. నూట నలభై మందికి పంపితే దాదాపు నలభై మందికి చేరలేదు, ఎందుకా అని చూస్తే వాళ్లంతా "ఆడిటర్ గారు" అని సేవ్ చేసుకున్న నంబరు నాది కాదు, నెలనెలా బిల్లుల కోసం ఫోన్ చేసే మా ఆఫీసు కుర్రాడిది.

ఫలితం మొదటిసారి కళ్లారా చూసింది 2024 ఫిబ్రవరిలో. ఆదాయపు పన్ను చట్టంలో అప్పటి 43బీ(హెచ్) సెక్షన్ గుర్తుందిగా, చిన్న, సూక్ష్మ సంస్థలకి ఇవ్వాల్సిన డబ్బు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో ఇచ్చేయాలన్న గొడవ. బట్టల వ్యాపారంలో మూడు నెలల అప్పు మామూలు కాబట్టి అందరికీ టెన్షన్. నేను ఒక్క పేజీ రాశాను, తెలుగులో. సూరత్ మిల్లుకి నాలుగు లక్షలు బాకీ ఉంది, గడువు దాటింది, మార్చి 31 లోపు కట్టలేదు, అప్పుడు ఆ నాలుగు లక్షలు ఈ ఏడాది ఖర్చు కింద రాదు, మీ లాభంలో కలిసి దాని మీద టాక్స్ పడుతుంది, కట్టిన ఏడాదిలో మళ్లీ ఖర్చు కింద వస్తుంది. అమ్మినవాడు తయారీదారుడా, ఉత్త ట్రేడరా అన్నది చూసుకోండి, ట్రేడరైతే ఇది వర్తించదు. మీ సప్లయర్ల ఉద్యం నంబర్లు (చిన్న సంస్థల రిజిస్ట్రేషన్ నంబర్లు) అడిగి నాకు పంపండి. అంతే రాశాను. ఆ వారమంతా ఫోన్ ఆగలేదు, అందులో పదకొండు మంది నా క్లయింట్లు కాదు. నలుగురు ఇప్పుడు నా దగ్గరే ఉన్నారు.

ఆ తర్వాత నుంచి నెలకి ఒకే విషయం, ఒకే పేజీ. చెప్పేదేమీ లేని నెల పంపను. మీలాంటివాళ్లకి పండగ శుభాకాంక్షల బొమ్మలు పంపమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, నాకైతే అవి చిరాకు, సంక్రాంతికి ఫోన్ నిండా అవే. పంపే రోజు కూడా చూసుకోండి: 7న టీడీఎస్ కట్టడం, 11న జీఎస్టీ అమ్మకాల రిటర్న్ (జీఎస్టీఆర్-1), 14న కొనుగోళ్ల క్రెడిట్ చూపే టూబీ, 20న పన్ను కట్టే త్రీబీ రిటర్న్, ఈ తేదీల మధ్యలో పంపితే వాళ్లు చదవరు, చదివి ఫోన్ చేస్తే మీకు మాట్లాడే తీరిక ఉండదు. నేను 24, 25 తేదీల్లో పంపుతాను. పంపిన రోజు సాయంత్రం వేరే పని పెట్టుకోను, వచ్చిన ప్రతి ఫోనూ నేనే ఎత్తుతాను. పేజీ కింద నా పేరుండి ఫోన్లో మా కుర్రాడి గొంతు వినిపిస్తే అవతలివాళ్లకి ఒళ్లు మండుతుంది.

ఫార్మాట్ పంపమన్నారు, నా దగ్గర ఫార్మాటేమీ లేదండీ. ఈ నెల ఏ ప్రశ్నకి మీరు ఫోన్లో మూడుసార్లకి మించి జవాబు చెప్పారో, ఆ జవాబునే ఫోన్లో చెప్పినట్టే రాసి, ఆ అరవై మందికీ పంపి చూడండి. దానికంటే ముందు మీ నంబరు ఎంతమంది దగ్గర సేవ్ అయి ఉందో కనుక్కోండి.