కింద ఏముందో చూశాకే పైన చెక్క

ప్రశ్న: ఇల్లు కట్టుకుంటున్నాం, అంతా కింది అంతస్తే. హాల్లోనూ రెండు బెడ్‌రూముల్లోనూ చెక్క ఫ్లోరింగ్ వేయించాలని ఆశ. వేస్తే సాలిడ్ చెక్కే వేయాలి, ఇంజినీర్డ్ వుడ్ అంటే ప్లైవుడ్‌కి రంగు పూసి అమ్మడమేనని మా ఆయన పట్టుబడుతున్నారు. షాపతనేమో ఇంజినీర్డే మేలంటున్నాడు. ఎవరి మాట వినాలి? వంటింట్లో కూడా వేయొచ్చా?
ఒక పాఠకురాలు

జవాబు: మీ ఇంటి వరకూ షాపతను చెప్పిందే కరెక్ట్, అయితే అతను చూపించిన సరుకల్లా తెచ్చేసుకోమని కాదు.

ముందు మీవారి అనుమానం తీర్చేద్దాం. ఇంజినీర్డ్ పలక లోపల చాలావరకు ప్లైవుడ్ ఉండే మాట నిజమే, కానీ పైనున్నది రంగు కాదు, అసలు చెక్కే. టేకు అని అమ్మితే పైపొర టేకుదే ఉండాలి. చెక్క బొమ్మ అచ్చు వేసిన కాగితాన్ని అతికించి అమ్మేది లామినేట్, అది వేరే సరుకు. ఆయన ఎక్కడో దాన్ని చూసి ఉంటారు.

అసలు సంగతి కింద నేలలో ఉంది. కొత్త కాంక్రీటు పైకి ఎండినట్టే కనిపిస్తుంది కానీ లోపలి తడి పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది, ఆ చెమ్మ మెల్లగా పైకి వస్తూనే ఉంటుంది. చెక్క చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, పొడవు వైపు ఈ మార్పు దాదాపు ఉండదు, అంతా వెడల్పు వైపే. సాలిడ్ పలక సుమారు 18-20 మి.మీ. మందమున్న ఒకే ముక్క, దాన్ని ఆపేదేదీ లేదు, అడుగు నుంచి చెమ్మ తగిలితే కింది భాగం ఉబ్బి, రెండు అంచులూ పైకి లేచి, నడుమ దోసిలిలా గుంటపడుతుంది. ఇంజినీర్డ్‌లో పొరల్ని ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు కాబట్టి ఒక పొర సాగబోతే పక్క పొర సాగనివ్వదు. అలాగని అస్సలు కదలదని కాదు, తక్కువ కదులుతుందంతే.

పైగా సాలిడ్ చెక్కని మామూలుగా మేకులతో బిగిస్తారు, అంటే కాంక్రీటు మీద ముందు ప్లైవుడ్ పరవాలి, నేల ఆ మేరకు ఎత్తవుతుంది, తలుపులు కింద కోయించాల్సి వస్తుంది. ఇంజినీర్డ్‌ని గమ్‌తో నేరుగా అతికించేయొచ్చు. గమ్ లేకుండా పలకల అంచుల్ని ఒకదాంట్లో ఒకటి బిగించి క్లిక్ పద్ధతిలో పరిచే రకాలూ ఉన్నాయి కానీ నడుస్తుంటే బోలుగా చప్పుడొస్తుంది, నాకైతే నచ్చదు.

ఇక షాపులో మీరు అడగాల్సింది ఒక్కటే: పైపొర మందం ఎంత? "మంచి క్వాలిటీ అండీ" అని దాటేస్తే శాంపిల్ ముక్క చేతిలోకి తీసుకుని కోసిన అంచు చూడండి, పైపొర ఎక్కడ ఆగిందో గీతలా తెలిసిపోతుంది. మిల్లీమీటరు కూడా లేని రకం గీతలు పడ్డాక సానపట్టడానికి పనికిరాదు, తీసేయాల్సిందే. 2 మి.మీ. ఉంటే జాగ్రత్తగా ఒకసారి, 4 మి.మీ. ఉంటే రెండు మూడుసార్లు సానపట్టి మళ్లీ పాలిష్ వేయించుకోవచ్చు. మరి సాలిడ్ 20 మి.మీ. ఉంది కదా, ఎన్నిసార్లయినా గీకొచ్చని మీవారు అంటారు చూడండి, పలకలు ఒకదాంట్లో ఒకటి దూరే గాడి ఉంటుంది కదా, దాని పైనున్న చెక్కే అరగదీయడానికి పనికొచ్చేది, అది 6 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. మిగతా మందమంతా కింద ఊరికే ఉండేదే. కాబట్టి 4 మి.మీ. పైపొర ఉన్న మంచి ఇంజినీర్డ్‌కీ దానికీ ఈ విషయంలో ఆయన అనుకున్నంత తేడా లేదు.

గీతలంటారా, అది చెక్క జాతిని బట్టీ పాలిష్‌ని బట్టీ ఉంటుంది, సాలిడా ఇంజినీర్డా అన్నదానికీ దానికీ సంబంధం లేదు. కింద చెక్క నేలే ఉండి, ఏడాది పొడవునా గాలిలో తేమ పెద్దగా మారని ఇల్లయితే నేనూ సాలిడ్‌కే ఓటేసేదాన్ని.

వంటింట్లో మాత్రం వద్దు, టైల్స్ వేయించుకోండి. నిలిచిన నీళ్లకి రెండు రకాలూ తట్టుకోవు. హాల్లో కూడా గుడ్డని గట్టిగా పిండి తుడవాలి, బకెట్‌తో నీళ్లు పోసి కడిగే అలవాటుంటే ముందే మానుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు అరమీటరు చదరం పాలిథిన్ షీట్‌ని నేల మీద పరిచి నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు అడుగున నీటి చుక్కలున్నా, నేల నల్లబడినా ఇంకా ఆరలేదన్నమాట. ఏమీ కనిపించకపోయినా నిశ్చింతగా ఉండిపోకండి, తేమ కొలిచే మీటరుతో ఒకసారి కొలిపించండి.

గోడల వెంట చుట్టూ 10-12 మి.మీ. ఖాళీ వదలమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి, చెక్క సాగడానికి చోటు కావాలి. గోడల అడుగున స్కర్టింగ్ పట్టీ కొట్టేలోపే మీరే వెళ్లి చూసుకోండి, కొట్టాక ఖాళీ వదిలాడో లేదో కనిపించదు.