క్యాలిపర్ల కోసం చిట్టీ ఎత్తవచ్చా?

ప్రశ్న: మాది జడ్చర్ల. ప్రైవేటు జూనియర్ కళాశాలలో పని చేస్తున్నాను, జీతం 34,000 రూపాయలు. 2013లో కొన్న చిన్న కారు ఉంది. శ్రీశైలం నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తబడి లోపలికి పోతోంది. పెద్ద కారు నుంచి తీసిన క్యాలిపర్లు (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు), వాటికి సరిపడే డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు), 15 అంగుళాల చక్రాలు, టైర్లు వేయడానికి మెకానిక్ 60,000 అడుగుతున్నాడు. నెలకు 5,000 చొప్పున 20 నెలలు కట్టే లక్ష రూపాయల చిట్టీలో ఎనిమిదో నెలలో ఉన్నాను. ఇప్పుడు 18,000 వదులుకుంటే పాట నాకే వస్తుంది. ఎత్తుకోమంటారా?

జవాబు: వద్దు. కారణాలు డబ్బు లెక్కతో మొదలుపెట్టకుండా బ్రేకుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీరు ఖర్చు పెట్టబోయేది మీ బండిలో లేని లోపం మీద అని నాకు అనిపిస్తోంది.

ఘాట్‌లో పెడల్ మెత్తబడడానికి ఎక్కువసార్లు కారణం పాత బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, తేమ పట్టిన తరువాత ఆ హద్దు 140కి పడిపోతుంది. మన్ననూరు వైపు మలుపుల్లో ఒకే తీరుగా బ్రేకు నొక్కిపట్టి దిగితే వేడికి ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది, ఆవిరి నలుగుతుంది కనుక పెడల్ కిందికి పోతుంది. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ ఉండే చిన్న డబ్బాలోకి చూడండి. లేత పసుపు రంగులో ఉండవలసిన ఆయిల్ డికాషన్‌లా నల్లబడి ఉంటే, సమాధానం సగం దొరికినట్టే.

ఇక పెద్ద క్యాలిపర్ల సంగతి. వాటి పిస్టన్ పెద్దదైతే దాన్ని కదిలించడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, కానీ ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ మాత్రం మీ పాతదే. అంటే పెడల్ ఇంకాస్త లోపలికే వెళ్తుంది, మీ ఫిర్యాదు తీరకపోగా పెరగవచ్చు. ముందు చక్రాలకు బ్రేకు బలం పెరిగి వెనుక వాటికి పెరగకపోతే కంపెనీ కుదిర్చిన సమతూకం చెడిపోతుంది. పైగా బండి ఎంత దూరంలో ఆగుతుందన్నది చివరికి టైరుకు రోడ్డు మీద ఉన్న పట్టు తేల్చే విషయం. పెద్ద డిస్కు వేడిని బాగా తట్టుకుంటుందన్న మాట నిజమే, కాకపోతే ఆ లాభం మెకానిక్ అంచనాతో కాక, మొత్తం వ్యవస్థను లెక్కగట్టి అమర్చినప్పుడే దక్కుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణ తరువాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ ఉండవచ్చు. నన్ను ఇంతకంటే ఎక్కువగా కలవరపెట్టేది బీమా. ప్రమాదం తరువాత వచ్చే సర్వేయర్ కంటికి వేరే బండి క్యాలిపర్లు పడితే, మీ బండి నష్టపరిహారం మీద పేచీ మొదలవుతుంది, మార్పు గురించి బీమా కంపెనీకి ముందే ఎందుకు రాసి ఇవ్వలేదన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

ఇప్పుడు చిట్టీ. 18,000 వదులుకుంటే చేతికి వచ్చేది 82,000, ఆపై మిగిలిన పన్నెండు నెలలూ నెలకు 5,000 కట్టవలసిందే. అదే చివరిదాకా ఆగితే కమీషన్ పోగా లక్షకు దగ్గరగా వస్తుంది. కాబట్టి ఈ క్యాలిపర్ల అసలు ధర 60,000 కాదు, మీరు వదులుకున్న దాంతో కలిపితే 78,000 అవుతుంది. పన్నెండేళ్లు దాటిన చిన్న కారు మీద ఇంత పెట్టినా అమ్మేటప్పుడు కొనేవాడు దానికి పైసా ఎక్కువ ఇవ్వడు, సరిగదా అనుమానంతో ధర తగ్గించి అడుగుతాడు. 2028లో పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు బండిని చూపించవలసి వచ్చినప్పుడు పాత క్యాలిపర్లు మళ్లీ వెతుక్కునే పరిస్థితి రావచ్చు.

మీరు చేయవలసిన పని ఇది. ఆయిల్ పూర్తిగా మార్పించి బ్రేకు పైపుల్లోని గాలి తీయించండి, ఇకపై రెండేళ్లకోసారి మార్పించండి. ప్యాడ్ల మందం 3 మిల్లీమీటర్లకు దిగితే కొత్తవి, డిస్కులకు గాడులు పడి ఉంటే అవీ, కంపెనీవే వేయించండి. రబ్బరు పైపులు, మాస్టర్ సిలిండర్ కారుతున్నాయేమో కూడా చూడమనండి, బ్రేకులు చల్లగా ఉన్నప్పుడు కూడా పెడల్ దిగిపోతుంటే అనుమానం అటే. చిన్న కార్లకు ఆయిల్, ప్యాడ్లు, డిస్కులు కలిపి సాధారణంగా పది వేల చుట్టూ తేలుతుంది. రెండు నెలల జీతంలో సర్దుకోగలరు, అప్పు అక్కరలేదు. ఈ పని అయ్యేదాకా కారులో ఘాట్‌కు వెళ్లకండి, అవసరమైతే ఆర్టీసీ బస్సులో వెళ్లిరండి. అయిన తరువాత దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి, బ్రేకును నొక్కిపట్టకుండా విడిచి విడిచి వేయండి.

చిట్టీని మాత్రం కదపకండి. టైర్లు అరిగి ఉంటే పాత సైజులోనే నాలుగు కొత్తవి వేయించడానికి ఇప్పటి నుంచి నెలకు 2,000 రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోండి, పది నెలల్లో వాటికి సరిపోయేంత చేరుతుంది.