డిజోన్‌కి బయల్దేరే ముందు ఒక పాత పుస్తకం

సందేహం: అక్కా, సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో మాస్టర్స్‌లో చేరుతున్నాను. శాకాహారిని. పచ్చళ్ళు, పొడులు ఎన్ని కేజీలు తెచ్చుకోవాలి? తిండి ఖర్చు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.

తమ్ముడూ, ఆవకాయ తెచ్చుకో. నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టెలో సర్దకు, పాల పదార్థాలనూ మాంసాన్నీ యూరప్‌లోకి రానివ్వరు. వీసా వాలిడేషన్, అద్దె సాయం సంగతులు ప్రభుత్వ సైట్లలో ఉన్నాయి, చూసుకో. నేను చెప్పేది ఖర్చు గురించి. కొత్తలో నా డబ్బంతా తిండి దగ్గరే కారిపోయింది మరి.

మన అలవాటు ప్రకారం మధ్యాహ్నం మూడింటికి ఆకలేసి హోటల్‌కి వెళ్ళేదాన్ని. రెండు దాటితే ఇక్కడ వంటిల్లు మూసేస్తారు. దాంతో స్టేషన్ దగ్గర చల్లారిన సాండ్‌విచ్‌ని, మనసులో రూపాయల లెక్క వేసుకుంటూ నమిలేదాన్ని. వేళకి వెళ్ళిన రోజున నీళ్ళ సీసాకి డబ్బు కట్టేదాన్ని. 'కరాఫ్ దో' అని అడిగితే కుళాయి నీళ్ళు ఊరికే ఇస్తారు, భోజనంతో రొట్టెకి వేరే బిల్లుండదు, సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది, మధ్యాహ్నం 'ప్లా ద్యు జూర్' (ఆ రోజు వంటకం) రాత్రి భోజనం కన్నా చవక. ఇవేవీ తెలియక, అమెరికాలో ఉన్న మా చిన్నాన్న కొడుకు చెప్పాడని టిప్పు కూడా పెట్టి వచ్చేదాన్ని! మీ తరం వాళ్ళు రీల్స్ చూసి వస్తారు. వాటిలో ఫొటో బాగా వచ్చే కొట్ల పేర్లే ఉంటాయి.

నన్ను దారిలో పెట్టింది ఎం.ఎఫ్.కె. ఫిషర్ అనే అమెరికన్ రచయిత్రి. 1929లో, కొత్తగా పెళ్ళయి, డాక్టరేట్ చేయడానికొచ్చిన భర్తతో డిజోన్‌లో దిగింది. అంటే నీలాంటి స్టూడెంట్ కాపురమే. ఆ రోజుల గురించి 1943లో వచ్చిన 'ది గ్యాస్ట్రనామికల్ మీ'లో రాసింది. అందులో వాళ్ళ ఇంటి యజమానురాలు నాకు ప్రాణం. పరమ పిసినారి. బజారులో గీచిగీచి బేరమాడి, దెబ్బతిన్న పళ్ళూ వాడిపోయిన కూరలూ తెచ్చి, వాటితోనే అద్భుతంగా వండి పెట్టేది. ఆవిడ గురించి చదివాకే నేను ఇక్కడి లే ఆల్ మార్కెట్‌కి మూసే వేళకి వెళ్ళడం మొదలుపెట్టాను. అప్పుడు ధర తగ్గుతుంది. ఇప్పుడు అమ్మేవాళ్ళు నన్ను దూరం నుంచే గుర్తుపడతారు, గొప్ప చెప్పుకోవడం కాదు గానీ.

నీకు పనికొచ్చే పేజీలు గోబీ పువ్వు మీద ఉన్నాయి. ఫిషర్ తన చిన్న వంటింట్లో చిన్న చిన్న పువ్వులను కాసేపు ఉడికించి, పైన మీగడ పోసి, గ్రుయేర్ చీజ్ తురిమి ఓవెన్‌లో పెట్టేది. అమెరికా వెళ్ళాక అదే వంట చేస్తే ఆ రుచి రాలేదట, అక్కడి గోబీ నీళ్ళోడుతుందట. (గ్రుయేర్‌లో పాలను గడ్డకట్టించడానికి జంతువుల రెన్నెట్ వాడతారు. గట్టి శాకాహారివైతే వేరే చీజ్ చూసుకో.) ఇలాంటివి చదివి వస్తే, కూరల బల్ల ముందు నిలబడినప్పుడు తెలిసిన ఊరికి వచ్చినట్టుంటుంది. ఏది కొనాలో, ఏది వదిలేయాలో చేతికే తెలుస్తుంది.

చదవకుండా వస్తే శ్రీనాథుడి పాట్లే. కన్నడ రాజ్యానికి వెళ్ళి కుల్లాయి పెట్టుకుని, వెల్లుల్లి, తిలపిష్టం (నువ్వుల పిండి) తిని, చల్లా అంబలి తాగాను, దయలేదా తల్లీ అని మొరపెట్టుకున్నాడు. అదే ఏనుగుల వీరాస్వామయ్య చూడు, 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారిలో ఎక్కడెక్కడ ఏ సరుకులు దొరుకుతాయో రాసుకుంటూ పోయాడు. అకౌంట్స్ రాసేవాడి బుద్ధి. నాకు ఆయనే ఇష్టం.

ఇక సీసాల్లో అమ్మే డిజోన్ ఆవముద్ద (మస్టర్డ్). ఆవకాయ తిన్న ముక్కుకి దాని ఘాటు కొత్త కాదు. గింజలు ఎక్కువగా కెనడా నుంచి వస్తాయి. అక్కడ కరువొచ్చి పంట పోయాక, 2022లో ఫ్రాన్స్ కొట్లలో సీసాలకే కటకట వచ్చింది. ఇంట్లో రెండో సీసా ఎప్పుడూ ఉంచుకో.

ఫిషర్ పుస్తకాలు ఐదు కలిపి 1954లో 'ది ఆర్ట్ ఆఫ్ ఈటింగ్' పేరుతో ఒకే సంపుటంగా వచ్చాయి. యుద్ధకాలంలో తక్కువ డబ్బుతో వండుకోవడం మీద రాసింది కూడా అందులోనే ఉంది. కొత్తది కొనకు. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుకు, బేరమాడు. లావు పుస్తకం, చేతిసంచిలో పెట్టుకో. పెట్టెలో వేశావంటే ఆ బరువుకి ఒక పచ్చడి డబ్బా తగ్గుతుంది.