తమ్ముడి పని పోయింది, బిడ్డకు అదే పని వచ్చింది

ప్రశ్న: మా తమ్ముడు అమెరికా పోయి ఇరవై ఏళ్లు దాటింది. బీమా కంపెనీల సాఫ్ట్‌వేర్ పని. పోయిన దసరాకు వచ్చి పదహారు రోజులున్నాడు. రాత్రి ఏడైతే చాలు, తలుపేసుకుని ఫోన్లో ఉండేవాడు. తన టీమ్ పనంతా హైదరాబాద్ వాళ్లకు అప్పజెబుతున్నాడని తర్వాత తెలిసింది. అది కాగానే తన ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు నా బిడ్డకు గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. కంపెనీ వేరే, పని మాత్రం అచ్చం అదే. తమ్ముడు మళ్లీ సంక్రాంతికి వస్తున్నాడు. "మామకు అప్పుడే చెప్పకమ్మా" అంటోంది బిడ్డ. చెప్పాలా, దాచాలా?
– ఒక అక్క, జడ్చర్ల

జవాబు: చెప్పండక్కా. దాచినా ఒక్క రాత్రికి మించి దాగదు. పండక్కి ఇంటికొచ్చిన పిల్ల ఏడున్నరకు ల్యాప్‌టాప్ తెరిచి "ఈజ్ మై స్క్రీన్ విజిబుల్?" అందంటే, ఇరవై ఏళ్లు అదే మాట అన్నవాడికి ఇంకేం చెప్పాలి?

ఆ తలుపు వెనక నేనూ కూర్చున్నాను. 2012 వేసవిలో. మాది హాలియా దగ్గర పల్లె, నాన్నకు నాలుగెకరాల బత్తాయి తోట. మూడు వారాల సెలవు పెట్టి వచ్చాను. సెలవంటే పేరుకే. మా కంపెనీ నా పనిని హైదరాబాద్‌కు పంపేసింది, నేను కేటీ ఇవ్వాలి. కేటీ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. మన కుర్చీలో కూర్చోబోయేవాడికి ఆ కుర్చీ మనమే తుడిచి ఇవ్వడమన్నమాట. అది సరిగ్గా పూర్తిచేస్తేనే పోయేటప్పుడు ఇస్తామన్న డబ్బు ఇస్తామని కాగితం మీద రాయించుకున్నారు.

ఇంట్లో సిగ్నల్ ఉండేది కాదు. తోటలో బోరు మోటరు దగ్గర రెండు గీతలు వచ్చేవి. అక్కడ వేపచెట్టు కింద నులక మంచం వేసుకుని, డాంగిల్ పెట్టుకుని, సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టేవాణ్ని. అవతల ఒక కుర్రాడు. పది రోజులు ఇద్దరం ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకున్నాం. నిజం చెప్తున్నా, వాడంటే నాకు లోలోపల మంట. అడిగిందే చెప్పాను, అడగనిది చెప్పలేదు.

పదకొండో రోజు నేనేదో వివరిస్తుంటే గట్టు మీంచి నాన్న కేకేశాడు: "మోటరెయ్యరా, కరెంటొచ్చింది!" అప్పట్లో వ్యవసాయానికి ఏడు గంటల కరెంటు, అదీ వంతులవారీగా. నేను ఫోన్ మంచం మీద పడేసి, ఉరికి స్టార్టర్ నొక్కి వచ్చాను. అవతల చప్పుడు లేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నా. తర్వాత తెలుగులో వినబడింది: "సార్, మీకు త్రీఫేజ్ గిప్పుడే ఇచ్చిండ్రా? మా పెద్దవూర దిక్కు రాత్రి పదకొండుకు ఇస్తుండ్రు. మా బాపు రోజూ నిద్ర కాస్తుండు."

ఆ రాత్రి మా మాటల్లో సగం బోర్ల గురించే. మిగిలిన రోజులు కేటీ అంతా తెలుగులోనే నడిచింది. నెలాఖరున ఏ జాబ్, అంటే దానంతటదే నడిచే ప్రోగ్రాము, మధ్యలో ఆగిపోతుందో, ఆగితే ఎవరికి ఫోన్ కొట్టి లేపాలో, డాక్యుమెంట్‌లో ఎక్కడా లేనివన్నీ చెప్పేశాను. దాంతో నా ఉద్యోగం మిగిలిందని కాదు. జూలైలో పోయింది. మరోటి దొరికేదాకా నాలుగు నెలలు నిద్ర లేదు.

అక్కా, మీ పాలమూరు మనుషులకు దీన్ని నేను విడమర్చి చెప్పాలా? గుంపు మేస్త్రి అడ్వాన్స్ ఇచ్చి, ఊళ్లకు ఊళ్లను డ్యాముల పనికి, బొంబాయి పనికి తీసుకుపోయేవాడు. మేమూ అట్లా పోయినవాళ్లమే. 1999లో నేను అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని వైటూకే పని మీద విమానమెక్కాను. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్నారు, 2000 రాగానే 1900 అనుకుంటాయేమోనని వాళ్ల భయం. గంటకింత అని కంపెనీ ఇచ్చేది, మధ్యలో కన్సల్టెన్సీ తన వాటా పట్టుకునేది. మేస్త్రికి టై కట్టారు, అంతే తేడా. అక్కడ మాకు పని చూపించిన పెద్దాయన నాకు కాఫీ మెషిన్ వాడటం కూడా నేర్పాడు. ఆర్నెల్లకు ఆయన సీటు ఖాళీ. ఎక్కడికి పోయాడని నేను అడగనైనా అడగలేదు. గ్రీన్‌కార్డు మీద నాకున్న ధ్యాస అట్లాంటిది.

మీ తమ్ముడూ ఇంచుమించు ఆ దారినే పోయి ఉంటాడు. మేనకోడలి మీద కోపం వస్తుందని నేననుకోను. నొప్పి ఉంటుంది, అది వేరే.

ఫోన్లో చెప్పకండి, భోగి నాడు పదిమందిలో అసలే వద్దు. వచ్చిన రెండో రోజో మూడో రోజో, మీరు కాదు, బిడ్డే చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా ఏదైనా అడగాలి. "మామా, ఈ క్లెయిమ్స్ ఫైల్ రాత్రి రెండింటికే ఎందుకు వస్తది?" అంటే చాలు. రెండు గంటలు చెప్తాడు, ఆపమన్నా ఆపడు. ఇంకోమాట, ఆయన్ను చుట్టాన్ని చేసి కుర్చీలో కూర్చోబెట్టకండి. సకినాల పిండి పట్టించుకు రమ్మని గిర్నీకి పంపండి.

వీసా సంగతి మీరు అడగలేదు గానీ, బంధువులు అడుగుతారు. హెచ్-1బి మీదున్నవాళ్లకు ఉద్యోగం పోతే మరోటి చూసుకోవడానికి మామూలుగా ఇచ్చే గడువు 60 రోజులు. దసరా నుంచి సంక్రాంతికి ఇంచుమించు మూడు నెలలు కాబట్టి ఆయన ఏదో దారి చూసుకునే ఉంటాడు, లేదా గ్రీన్‌కార్డు ఉండి ఉంటుంది. "మళ్లెప్పుడు పోతవ్?" అని ఎవరైనా మొదలుపెడితే మీరు మాట మార్చేయండి.

ప్రశ్న: అమెరికా నుంచి మనవలొస్తున్నారు. బోరు నీళ్లు కాచి ఇస్తే ఫ్లోరైడ్ పోతుందా?
– మునుగోడు

జవాబు: పోదు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది. నీళ్లు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది కూడా. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి, అవి కాచి ఇవ్వండి. బోరు నీళ్లు స్నానాలకు చాలు.

ప్రశ్న: న్యూయార్క్‌లో ఉన్న మా అబ్బాయి ఆఫీసుకు పోయే ముందు రోజూ సాయంత్రం అయిదున్నరకు ఫోన్ చేసేవాడు. నవంబరు నుంచి ఆరున్నరకు చేస్తున్నాడు. కోడలు ఏమైనా అన్నదంటారా?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: పాపం, కోడలికి ఏ సంబంధమూ లేదు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మీ అబ్బాయి తన లెక్కన పొద్దున ఎనిమిదికే చేస్తున్నాడు. మార్చి రెండో ఆదివారం నుంచి మళ్లీ అయిదున్నరకే మోగుతుంది. అప్పటిదాకా పొలం నుంచి ఒక గంట నింపాదిగా రండి.